ఇంటికొకటే ఐడీ

పర్వత్ పాటియా, సూరత్
జూలై 9, 2025

వదినకు,

నేను ఉత్తరం రాయడం నీకు వింతగా ఉంటుంది. ఫోన్ చేయాలనే అనుకున్నాను. కానీ నీ ఫోన్ ఇక్కడే ఉంది. వెళ్ళేటప్పుడు దాన్ని ఆపేసి ఫ్రిజ్ మీద పెట్టావు. అన్న దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. మీ తమ్ముడి ఫోన్‌కు చేస్తే పక్కన ఎవరుంటారో తెలియదు. నా ఫోన్‌నైతే నేను నమ్మడం మానేశాను. మొన్న స్కూల్ లైబ్రరీలో నేను పిల్లలకు పుస్తకాలు ఇస్తుంటే కాన్వెంట్ సిస్టర్ తన మోకాళ్ళ నొప్పి గురించి చెప్పింది. నేను ఇల్లు చేరేసరికి నా ఫోన్ నిండా మోకాలి పట్టీలు. అప్పటి నుంచి ముందు కెమెరా మీద బొట్టుబిళ్ళ అంటించి ఉంచాను. నవ్వుకో, పర్వాలేదు.

నువ్వెందుకు వెళ్ళిపోయావో నాకు సగమే తెలుసు. ఆ సాయంత్రం నేను స్కూల్ నుంచి వచ్చేసరికి మీ గది తలుపు వేసి ఉంది. అన్న గొంతు బయటికి వినిపిస్తోంది.

"బార్డోలీల నీకేం పని?"

"పని ఉండె. పోయిన."

"ఎవరితోని?"

నువ్వు మాట్లాడలేదు.

"మరి గివి ఎవడు కొనిచ్చిండు?"

ఏదో చిన్న డబ్బా గోడకు తగిలి కిందపడింది. బాపు వరండాలో పాత వారపత్రిక చదువుకుంటున్నాడు. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. నాకు అన్న కేకల కంటే ఆ ఎత్తని తల చూసి ఎక్కువ భయం వేసింది. బాపు కూడా అన్న వైపేనా అనుకున్నాను.

పొద్దున లేచేసరికి నువ్వు లేవు. మీ అమ్మకు బాగాలేదని అన్న బాపుకు చెప్పాడు, నాకు మాత్రం తన మడత ఫోన్ విప్పి చూపించాడు. దాని సంగతి నీకు తెలుసు కదా. పొద్దున్నే అది ఆ రోజు పనులన్నీ నాలుగు ముక్కల్లో హిందీలో చదివి పెడుతుంది. వాన వస్తుందా, ఏ చీరల పార్శిల్ ఎక్కడ ఆగింది, మార్కెట్‌లో ఎవరికి జవాబు బాకీ. వాటి మధ్యలో ఒక రోజు, బార్డోలీ బస్సుల గురించి మీరు అడిగిన సంగతి అని వచ్చిందట. అన్న అడగలేదు. ఇంకో రోజు, ఇంట్లో వాళ్ళకు తెలియకుండా ఒక పని చేయడం గురించి అని వచ్చిందట. ఆ తర్వాత ఒక ఫోటో. బార్డోలీ బస్టాండ్, బల్ల మీద రెండు టీ గ్లాసులు, ఒక గ్లాసు పట్టుకున్న నీ చెయ్యి. రెండో గ్లాసు ఎవరిదో ఫోటోలో లేదు.

నేను నిన్ను తప్పుపట్టడం లేదు. నిజం తెలుసుకోవాలని ఉంది, అంతే. జవాబు ఇంటికి రాయకు, స్కూల్ లైబ్రరీకి రాయి. ఇక్కడ వానలకు ఖాడీ వాగు పొంగి నీళ్ళు మన సందు చివరిదాకా వచ్చి పోయాయి.

నీ ఆడబిడ్డ,
సుమన


సిరిసిల్ల
జూలై 24

సుమనకు,

నీ ఉత్తరం అందింది. నాకంటే ముందు మా అమ్మ విప్పింది. బీడీలు చుడుతూ చుడుతూ చదివి, "ఏందిది, పోలీసోళ్ళు అడిగినట్టు అడిగింది పిల్ల" అంది.

నాకూ అలాగే అనిపించింది. ఈ ప్రశ్నలు నీవేనా, మీ అన్న అడిగించాడా? అన్నీ ఆయన అడిగినవే. నువ్వు కాస్త మర్యాదగా అడిగావు.

నేనూ ఒకటి అడుగుతాను. బార్డోలీ సంగతి మీ అన్న ఫోన్‌కు ఎట్లా చేరింది? ఆయన నా ఫోన్ ముట్టడు. మామకు అంత తెలియదు. ఇంట్లో కాన్వెంట్‌లో చదివి ఇంగ్లీషులో వచ్చేవన్నీ అర్థమయ్యేది నీకొక్కదానికే. నువ్వు మాట్లాడవు గానీ అన్నీ చూస్తావు. నేను వచ్చిన కొత్తలో నీ చూపు చూసి, ఈ పిల్ల పుస్తకంలో నా పేరు కూడా రాసుకుంటుందేమో అనుకునేదాన్ని.

మామ ఎట్లా ఉన్నారు? మగ్గాల కార్ఖానాకు రోజూ పోతున్నారా? మేస్త్రీ ఏమన్నా అంటున్నాడా? అన్నం పెట్టినప్పుడు ఎదురుగా కూర్చుంటున్నావా? ఆయనకు ఎదురుగానే కూర్చుని పెట్టు.

గోడకు తగిలిన డబ్బా ఏమైందో అది మాత్రం తప్పకుండా రాయి.

వినోద


పర్వత్ పాటియా, సూరత్
ఆగస్టు 11

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మామూలుగానే మాట్లాడను కాబట్టి ఎవరూ గమనించలేదు.

నేను నీ ఫోన్ ముట్టలేదు. కానీ నీ ప్రశ్న సరైనదే. అందుకని జీవితంలో మొదటిసారి ఒంటరిగా రఘుపతి మొబైల్ షాపుకు వెళ్ళాను. మన సందులో ఎవరు ఏ ఫోన్ కొన్నా పాత దాంట్లోవన్నీ కొత్త దాంట్లోకి ఎక్కించి ఇచ్చేది అతనే కదా. షాపు నిండా కుర్రాళ్ళు. ఒకడు కెమెరా ఉన్న కళ్ళద్దాలు పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు. రికార్డు అవుతోందేమోనని దుపట్టా సర్దుకుని కౌంటర్‌కు దగ్గరగా జరిగాను.

"ఏం చెల్లె, నువ్వు గూడ కొత్త ఫోన్‌కేనా? మీ అన్న అయితే నెలకోపాలి వస్తడు. షాపు ఆయనకే రాసిస్త అన్న" అన్నాడు రఘుపతి.

మా అన్న ఫోన్‌లో వదిన వెతికినవి ఎందుకు కనిపిస్తున్నాయని అడిగాను. అతను నవ్వాడు.

"కనవడయా మరి? మీ ఇంట్ల నాలుగు ఫోన్లకు ఐడీ ఒక్కటే. మన సందుల అందరికి అంతే. రేషన్ కార్డు ఇంటికొకటి, గిది గూడ ఇంటికొకటి. పాస్వర్డ్ మర్సిపోతె ఒకలకన్న యాదికుంటది."

"అట్లా పెట్టకూడదు కదా."

"ఎందుకు పెట్టొద్దు? ఒక్క ఇంటోళ్ళకు సాటు ఏముంటది చెల్లె?"

కళ్ళద్దాల అబ్బాయి కూడా నవ్వాడు. నేను వచ్చేశాను.

అంటే నీ మీద ఎవరూ నిఘా పెట్టలేదు. ఒకరు ఏం అడిగినా అందరి ఫోన్లకూ వెళుతోంది. నేను చూడాలని అనుకోలేదు కాబట్టి చూడలేదు. అన్నకు మాత్రం ఆ మడత ఫోన్ ఏరి చేతికిస్తోంది.

డబ్బాలో ఉన్నవి తీగలు లేని ఇయర్‌ఫోన్లు. మాకు తెలియకుండా నువ్వు దాచుకున్నవి. వాటిని ఇప్పుడు అన్నే చెవుల్లో పెట్టుకుని మార్కెట్‌కు పోతున్నాడు. "ఎవడు కొనిచ్చిండో గని మంచియే కొన్నడు" అంటాడు. ఆ మాట వినడానికి బాగాలేదు.

బాపు సంగతి అడిగావు. ఈ మధ్య బాగా మారిపోయాడు. నేను ఏమడిగినా తల ఊపుతాడు. నిన్న "బాపూ, పాలు తేవాలా" అని అడిగితే "తిన్న బిడ్డా, నువ్వు తిను" అన్నాడు. నీ పేరు ఎత్తితే పత్రికలోకి తల దించుకుంటాడు. నీ మీద కోపమేమో.

ఒక మాట రాయకుండా ఉండలేను. నువ్వు డబ్బా గురించి అడిగావు. బాపు గురించి అన్ని ప్రశ్నలు వేశావు. అన్న తింటున్నాడా, నిద్రపోతున్నాడా అని ఒక్క ముక్క లేదు. అది చూశాక నాకూ అనుమానం వచ్చింది. ఇష్టం లేకపోయినా వచ్చింది.

సుమన


సిరిసిల్ల
ఆగస్టు 26

సుమనా,

నువ్వు కాదని తెలిసింది. ఆ మాట అన్నందుకు మనసులో పెట్టుకోకు.

నీ అనుమానం గురించి మాత్రం నేనేం చెప్పను. ఇక్కడ మా సందులో అందరికీ అదే ఉంది. నీళ్ళ దగ్గర నేను కనిపిస్తే మాటలు ఆగిపోతాయి. మొన్న ఒకామె నేరుగానే అడిగింది. "అల్లుడు వస్తలేడేంది వినోదా, ఫోన్ గూడ జేస్తలేడట?" ఫోన్ లేదని చెప్పాను. ఫోన్ లేని ఆడదాన్ని చూసి ఆమెకు అనుమానం ఇంకా పెరిగింది. ఫోన్ ఉన్నందుకు అక్కడ, లేనందుకు ఇక్కడ.

మీ అన్న తింటున్నాడా అని ఎందుకు అడగాలి? ఆయన కడుపు సంగతి ఆయనకు తెలుస్తుంది. నాలుగేళ్ళు ఒక గదిలో ఉన్నాం. ఎక్కడికి పోయావు అని అడిగాడు, బాగానే ఉంది. చెప్పలేను అన్నాను. చెప్పలేనంటే ఏదో కారణం ఉంటుందని ఒక్క పూట ఆగలేదు. ఫోన్ చెప్పింది చాలనుకున్నాడు.

నేను బార్డోలీకి పోయిన మాట నిజం. ఒంటరిగా పోలేదు. ఎవరితో పోయానో చెప్పనని మాట ఇచ్చాను. ఆ మనిషి తల మీద చెయ్యి పెట్టి ఇచ్చాను. ఇంతకు మించి రాయను, నువ్వు అడగకు.

మామకు నా మీద కోపం లేదు. అది నాకు తెలుసు. ఎట్లా తెలుసు అని కూడా అడగకు.

వినోద


పర్వత్ పాటియా, సూరత్
సెప్టెంబర్ 14

వదినా,

నేను నిన్ను అడగలేదు. కానీ నాకు తెలిసిపోయింది.

నీ ఉత్తరం వచ్చాక కొన్ని రోజులు ఒకటే ఆలోచించాను. నీ ఫోన్ బీరువాలో ఆగిపోయి ఉంది. అయినా పోయిన శనివారం అన్న పొద్దున్నే ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "చూడు, ఆడికి పోయినంక గూడ అడుగుతనే ఉంది. ఇల్లు విడిచి పోయినోళ్ళు ఎట్ల తిరిగొస్తరని అడిగిందట. నాటకాలు" అన్నాడు. హిందీలో అదే ముక్క ఉంది. మరి ఎవరు అడుగుతున్నారు? మొదట అన్నే ఏదో కల్పిస్తున్నాడనుకున్నాను. ఏదో తప్పు పని చేస్తున్నట్టు స్కూల్ స్టోర్ గదిలో కూర్చుని నా ఫోన్‌లో, అడిగినదానికి జవాబు చెప్పే యాప్‌లోని పాత సంభాషణలన్నీ తెరిచాను. ఐడీ ఒకటే కదా, అన్నీ ఉన్నాయి.

అన్నీ తెలుగులో ఉన్నాయి వదినా. అన్నకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. హిందీ స్కూల్లో చదివాడు. ఫోన్ కుదించి హిందీలో ఇచ్చిన నాలుగు ముక్కలే అతను చూశాడు. అసలు మాటలు ఎప్పుడూ చూడలేదు. నాకు ఇంట్లో అక్షరాలు దిద్దించిన మనిషి మాటలే అవి.

"బిడ్డా, మగ్గాల సప్పుడు దినాం దూరం పోతున్నట్టు కొడ్తున్నది. మగ్గం పాడైందా, నా చెవులు పోయినయా?"

"మేస్త్రీకి, ఇంట్లోళ్ళకు తెల్వకుంట చెవుల డాక్టర్‌కు యాడ సూపెట్టుకోవాలె?"

"కోడలు తోల్కపోత అంటున్నది. బార్డోలీ బస్సు ఎన్నిటికి?"

బాపు ఫోన్‌ను కూడా బిడ్డా అనే పిలుస్తాడు. అది ఎంతో మర్యాదగా జవాబు రాసి పెడుతుంది. మనం మాట్లాడితే వినిపించదు. అది రాసి చూపిస్తుంది కాబట్టి చదువుకుంటాడు. నేను వంటింట్లో ఉండగా వరండాలో బాపు ఎవరితోనో గొణుగుతుంటే కార్ఖానా మిత్రులతో అనుకునేదాన్ని.

శనివారం నాటిది మొత్తం రాస్తున్నాను. "కోడలు తల్లిగారింటికి పోయింది. శాన దినాలైంది. ఎందుకు పోయిందో ఎవ్వలు చెప్తలేరు. కొడుకు పెదాలు కదుల్తున్నయి గని నాకు సమజైతలేదు. నా వల్లనే పోయిందా? ఇల్లు విడిచి పోయినోళ్ళు ఎట్ల మర్లొస్తరు?"

ఆ సాయంత్రం బాపు తల ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు అర్థమైంది. పక్క గదిలో నిన్ను నిలదీస్తుంటే ఆయనకు ఏమీ వినిపించలేదు.

ఆ ఇయర్‌ఫోన్లు ఆయనవే కదా?

సుమన


సిరిసిల్ల
సెప్టెంబర్ 25

సుమనా,

అవును, మామవే.

ఇక దాచడానికి ఏం మిగిలింది. నేను చెప్పలేదు, నువ్వు చదివావు. అంటే మాట తప్పినట్టు కాదనుకుంటాను.

చలికాలంలోనే నాకు అనుమానం వచ్చింది. కుక్కర్ కూత వేస్తున్నా పక్కనే కూర్చుని "అన్నం పెట్టలేదా" అనేవారు. ఒక రోజు ఎదురుగా నిలబడి అడిగితే ఏడ్చారు. వాళ్ళ కార్ఖానాలో పరమేశ్వర్ అని ఒకాయన ఉండేవాడట. వెనక నుంచి ఆపమని అరిస్తే వినపడక చెయ్యి బెల్టులోకి పోయింది. అప్పటి నుంచి చెవుల్లో తేడా ఉన్న మనిషిని మేస్త్రీ మగ్గం మీద నిలబెట్టడు. "ఇంట్ల కూసుంటే నేను బతుకుత గని బతికినట్టు ఉండది బిడ్డా. కొడుకు అంబదాస్‌కు తెలిస్తే తెల్లారే మాన్పిస్తడు" అన్నారు. తల మీద చెయ్యి పెట్టించుకున్నారు.

సూరత్‌లో ఏ ఆసుపత్రికి పోయినా మన వాళ్ళు ఎవరో ఒకరు కనిపిస్తారు. అందుకే బార్డోలీ. ఆ బస్టాండ్ ఫోటో మామ తీసిందే, రెండో గ్లాసు ఆయనది. అక్కడి డాక్టర్ చెవి వెనక పెట్టుకునే మిషన్ రాశాడు. మామ ఒప్పుకోలేదు, అందరికీ కనిపిస్తుందని. అప్పుడు నాకు మీ అన్న రోజూ అన్నం తింటూ చూసే ఫోన్ల వీడియోలు గుర్తొచ్చాయి. కొత్తగా వస్తున్న కొన్ని ఇయర్‌ఫోన్లు చెవికి పరీక్ష పెట్టి, ఎదుటి మనిషి మాటను పెంచి వినిపిస్తాయని ఒకడు చెప్పాడు. మళ్ళీ డాక్టర్ దగ్గరికి పోయి అడిగాం. ఈ చెవులకు పనికొస్తాయి, మరీ ముదరక ముందే పెట్టుకోండి అన్నాడు. కార్ఖానాలో ఇప్పుడు అందరి చెవుల్లోనూ అవే. ముసలాయన పాటలు వింటున్నాడనుకుంటారు. మామ మొదటిసారి పెట్టుకుని మన సందులో నడిచి వచ్చి, "గీ పిల్లగాండ్లు గింత లొల్లి జేస్తరా" అన్నారు.

పగలు ఆయన దగ్గర, సాయంత్రం నా పెట్టెలో. ఆ సాయంత్రం మీ అన్న చేతికి చిక్కాయి.

నువ్వు ఇప్పుడు మీ అన్నకు చెప్పాలనుకుంటావు. చెప్పకు. మామ చెప్పాల్సిన మాట అది. ఇంకోటి కూడా ఉంది. నిజం తెలిస్తే మీ అన్న పరిగెత్తుకుని వస్తాడు. వినోద మంచిదే, మామ చెవుల కోసమే పోయింది అంటాడు. నేను చీరకు ఫాల్ కుట్టించుకోవడానికి పోయి ఉంటే? ఊరికే టీ తాగడానికి పోయి ఉంటే? అది ఆలోచిస్తూ ఉంటాను.

ఆయన చెవులకు ఆ రెండూ ఎట్లాగైనా చేర్చు.

వినోద


పర్వత్ పాటియా, సూరత్
అక్టోబర్ 6

వదినా,

అన్నకు చెప్పలేదు. బాపుకు చెప్పాను.

ఆదివారం అన్న మార్కెట్‌లో చీరలు లైవ్‌లో చూపిస్తున్నాడు. నేను బాపు ఎదురుగా కూర్చున్నాను. ఎదుటి మాటను అక్షరాలుగా రాసి చూపించేది ఆయన ఫోన్‌లో తెరిచి మా ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టాను. నాకు మామూలుగానే గొంతు పెగలదు. ఆ రోజు ఫోన్ కూడా నా మాట పట్టుకోలేక రెండుసార్లు తప్పు రాసింది. గట్టిగా చెప్పాను. నేను అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"వదిన వాళ్ళ అమ్మకు బాగాలేక పోలేదు బాపూ. బార్డోలీకి ఎవరితో పోయావని అన్న అడిగాడు. నీకిచ్చిన మాట కోసం వదిన చెప్పలేదు. అందుకే పోయింది."

అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చాయి. బాపు వేలు పెట్టి చదివాడు. చివరి వాక్యం అయ్యాక మళ్ళీ మొదటికి వెళ్ళాడు.

"గప్పుడు నేను యాడున్న?" అని అడిగాడు.

"ఇక్కడే. ఈ కుర్చీలోనే."

అది కూడా చదివాడు. లేచి చొక్కా వేసుకున్నాడు. కార్ఖానాకు వెళ్ళి మేస్త్రీతో తన చెవుల సంగతి తనే చెప్పి వచ్చాడు. మేస్త్రీ మగ్గం మీద వద్దన్నాడట. బట్ట మడతపెట్టే దగ్గర కూర్చోమన్నాడట. "కూసుంట అని చెప్పిన" అన్నాడు బాపు. ఆయన ముఖం చూడలేకపోయాను.

అన్న రాగానే బాపు చెయ్యి చాచాడు. అన్నకు అర్థం కాలేదు. బాపు అతని చెవుల్లోంచి ఆ రెండూ తనే తీసి తన చెవుల్లో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు మాట్లాడు. గా దినం నా కోడలిని ఏమేం అడిగినవో గవన్నీ నన్నడుగు."

అన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాసేపటికి నా వైపు తిరిగి, "నీకెప్పటి సంది తెలుసు?" అన్నాడు. అప్పుడు కూడా ఎవరికి ఎప్పుడు తెలిసిందన్నదే అతని పట్టు.

నాలుగు ఫోన్లకు నాలుగు ఐడీలు నేనే పెట్టాను. నీ ఫోన్ బీరువాలోంచి తీయించాను. రేపు రైలుకు ఇద్దరూ బయలుదేరుతున్నారు. ఈ ఉత్తరం కంటే ముందే చేరవచ్చు. నువ్వు రావాలని నాకు చాలా ఉంది. కానీ రమ్మని రాయను. అది నీ ఇష్టం.

సుమన


సిరిసిల్ల
అక్టోబర్ 9

సుమనా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. మనుషులు వచ్చారు. నీళ్ళు పట్టుకునే వేళకు వచ్చారు, సందంతా బయటే ఉంది.

రైల్లో ఇయర్‌ఫోన్ల ఛార్జింగ్ అయిపోయిందట. మామకు తన గొంతు ఎంత పెద్దగా వస్తోందో తెలియలేదు. మా ఇంటి ముందు నిలబడి, చేతులు జోడించి, సిరిసిల్ల మొత్తానికి వినిపించేలా మాట్లాడారు.

"బిడ్డా వినోదా, నాకు చెవులు వినరావు. బార్డోలీకి నిన్ను నేనే తోల్కపోయిన. ఎవ్వలకు చెప్పొద్దని నీతోని ఒట్టు పెట్టించుకున్న. గా ఒట్టు ఇయ్యాల తీసేస్తున్న."

బిందెలు పట్టుకున్న వాళ్ళంతా ఆగిపోయారు. అంతకాలం ఎవరికీ తెలియొద్దనుకున్న మనిషి. నెమ్మదిగా మాట్లాడమని సైగ చేశాను, ఆయన చూసుకోలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. మా అమ్మ బీడీల చాట పక్కన పెట్టి ఏడ్చింది. నేను మామ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను.

మీ అన్న గడప బయటే ఆగాడు. నా ఫోన్ తెచ్చాడు, అరుగు మీద పెట్టాడు. "నీ ఐడీ వేరే జేసింది సుమన. నేను ఏది సూడ" అన్నాడు.

"చూడడానికి లేకనే చూడవా?" అన్నాను.

కోపంగా లేడు. ఆ ప్రశ్నకు ఏం చెప్పాలో ఆయనకు నిజంగానే తెలియలేదు. ఆయన అట్లా తెలియక నిలబడడం నేను చూడడం ఇదే మొదటిసారి.

కొంతసేపటికి తనే అడిగాడు. "బార్డోలీల డాక్టర్ ఏమన్నడు? నాకు చెప్తవా?" చెప్తవా అన్నాడు, చెప్పు అనలేదు. నేను అప్పుడే చెప్పలేదు.

మామ స్నానం చేసి పడుకున్నారు. దీపావళి తర్వాత తనతో రమ్మంటున్నారు. మామతో వస్తానన్నాను. కార్ఖానాలో మడతపెట్టే దగ్గర ఆడవాళ్ళను కూడా తీసుకుంటారట, అది అడిగి పెట్టమన్నాను. మీ అన్న సంగతి ఇంకా ఏం అనుకోలేదు. ఆయన అరుగు మీదే కూర్చున్నాడు. సందులో వాళ్ళు వచ్చి పోతూ చూస్తున్నారు. ఎవరో "లోపటికి పోరాదుండ్రి అల్లుడు" అంటే, "పిలిస్తె పోత" అన్నాడు.

అన్నం ఉడికింది. తమ్ముడు పనికి పోయాడు, అందుకని మామకు, అమ్మకు, నాకు మూడు కంచాలు కడిగాను. నాలుగోది ఒక చేతిలో పట్టుకుని ఈ చివరి వాక్యం రాస్తున్నాను.

వినోద